బోర్లించిన గిన్నె

నిన్న పొద్దున్న పెట్టింది గిన్నెలో అలాగే ఉంది. సాయంత్రం పారేసి కొత్తగా పెట్టాను. అదీ అలాగే ఉంది. ఇవాళ తలుపు తీసేసరికి వాడు గిన్నెకి వీపు తిప్పి, గోడకేసి చూస్తూ పడుకుని ఉన్నాడు. నా గుండె జారిపోయింది.

పిల్లి ఓ పూట తినకపోతే గుండె జారడమేమిటని మా ఆయన నవ్వారు. ఆయనకేం తెలుసు? పిల్లి తినకపోతే ఏమవుతుందో ఈ వీధిలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. అందులో ఒకావిడ మొన్న పోయింది. ఇంక నేనొక్కదాన్నే మిగిలాను.

ఆవిడంటే మా పక్కింటావిడ. పేరు రాయను. రాస్తే ఎక్కడున్నా హడలిపోతుంది, "నా పేరెందుకండీ, ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనండీ" అని. నేను అక్కగారూ అని పిలిచేదాన్ని. నాకన్నా పదేళ్ళు పెద్దదైనా నన్ను అండీ అనే అనేది. పిల్లిని కూడా ఒక్కోసారి అండీ అనేది.

అంత పిరికి మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఫోను మోగితే కుడిచెయ్యి గుండెల మీద వేసుకుని, ఎడమచేత్తో తీసేది. గ్యాస్ కట్టేసి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి చూసుకుని వెళ్ళేది. టీవీలో వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, మా గుమ్మంలో ప్రత్యక్షం.

"ఆయ్, ఏం లేదండీ. ఊరికే వచ్చేను."

ఏం లేదంటే ఏదో ఉందన్నమాట.

"మళ్ళీ గాభరానా అక్కగారూ?"

"గాభరా కాదండీ. కొంచెం కాళ్ళు వణుకుతున్నాయండి. అంతే."

ఈవిడ ఒంటరిగా విమానమెక్కి కువైట్ వెళ్ళి, అక్కడ ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి వంట చేసొచ్చిందంటే కొత్తవాళ్ళు నమ్మేవారు కాదు. మొగుడు పోయాక వేరే దారిలేక వెళ్ళింది. రెండో ఇంటివాళ్ళు మంచివాళ్ళేనట, బాగా చూసుకున్నారట. మొదటిల్లే ఆవిణ్ణి ఇలా చేసింది. ఆ ఇంట్లో వంట చేయడానికే వంటగది తాళం తీసేవారట. చేసి, వడ్డించి, గిన్నెలు కడిగాక మళ్ళీ తాళం. ఏమైనా మిగిలితే ఆవిడకి. మిగలకపోతే కడిగిన గిన్నెల వంక చూస్తూ పడుకోవడమే. ఈ సంగతి నాతో ఒక్కసారే చెప్పింది. చెప్పి, నేనేదో అనబోతే "పోనీలెండి, వాళ్ళకేం ఇబ్బందో" అంది.

అప్పట్నుంచీ ఖాళీ గిన్నె నోరు తెరుచుకుని ఉంటే చూడలేకపోయేది. కడిగిన గిన్నె కడిగినట్టే బోర్లించాలి. సొంతింట్లో బోర్లించుకుంటే సరే, మా ఇంటికొచ్చి మాట్లాడుతూ మాట్లాడుతూ నా గట్టు మీద గిన్నెలన్నీ బోర్లించేసేది. పాలు కాద్దామని పెట్టుకున్న గిన్నె కూడా. నాకు ఒళ్ళు మండేది.

"ఎందుకక్కగారూ మీకీ చాదస్తం?"

"అలా ఉంటే నాకు భయమండీ. ఎవరికో అన్నం పెట్టలేదన్నట్టు ఉంటాదండి."

అలాంటావిడ ఇంటికి ఓ పిల్లికూన వచ్చి చేరితే ఏమవుతుంది? కొబ్బరిపీచు డొక్కల గుట్ట కింద దొరికాడు వాడు, అరచేతిలో పట్టేంత. చంటి అని పేరు పెట్టింది. నల్ల మొలతాడు కూడా కట్టింది. పిల్లికి మొలతాడేమిటి, చోద్యం కాకపోతే అన్నాను. "మగపిల్లాడు కదండీ" అంది, నాకే తెలియదన్నట్టు.

ఇంక చూడండి వాడి వైభోగం. పొద్దున్నే మీగడపాలు. మధ్యాహ్నం నెయ్యేసిన అన్నంలో చేపముక్కలు. రొయ్యలొస్తే రొయ్యలు. కొబ్బరి తురుముతుంటే ఓ గుప్పెడు. వాడి గిన్నె అడుగు కనబడితే ఆవిడకి కాళ్ళు వణికేవి. వెంటనే ఇంకాస్త పెట్టేది. వాడు నడుస్తుంటే పొట్ట నేలని తుడిచేది. వీధివాళ్ళు చంటి అనడం మానేసి బొండాం అనడం మొదలుపెట్టారు. గోడ ఎక్కలేడు, ఎలక ఎదురొస్తే పక్కకి తప్పుకుంటాడు. మొలతాడు రెండుసార్లు విప్పి పొడుగు చేసి కట్టినా మళ్ళీ బొచ్చులో కూరుకుపోయింది.

వాళ్ళిద్దరి భోజనం మాత్రం చూసి తీరాలి. ఆవిడ నేల మీద పీట వేసుకుని కూర్చునేది. పక్కన వాడు, వాడి ముందు వాడి గిన్నె. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే వాడు ముందుకాళ్ళు ఆవిడ మోకాలి మీద వేసి లేచి, నోటి దగ్గర మూతిపెట్టి వాసన చూసేవాడు. చూసి, అప్పుడు దిగి తన గిన్నెలో తలపెట్టేవాడు. ఆవిడ తినకపోతే వాడు ముట్టడు. "నేను మందు పెడతానని అనుమానమండి వీడికి" అని మురిసిపోయేది. నాకు పిల్లులంటే పడదు. అయినా ఆ తంతు చూడ్డానికి అప్పుడప్పుడు పని కల్పించుకుని వెళ్ళేదాన్ని.

ఓసారి పశువులకి టీకాలు వేయడానికి అవతలి ఒడ్డు నుంచి, అంటే నరసాపురం నుంచి, డాక్టరుగారు మా సఖినేటిపల్లి వచ్చారు. ఈవిడా చంటిగాణ్ణి ఎత్తుకుని వెళ్ళింది. ఆయన వాణ్ణి చూసి, "అమ్మా, ఒళ్ళు మరీ ఎక్కువైపోయింది. ఇలాగే ఉంటే సుగరొస్తుంది, ప్రాణానికే ముప్పు. తగ్గించాలి" అన్నారు. ఎలా తగ్గించాలో కూడా చెప్పేవారే. ఈవిడ ఆగితే కదా! ప్రాణం అన్న మాట చెవిన పడగానే పిల్లిని గుండెలకి హత్తుకుని ఒకటే పరుగు. రెండో మాట వినలేదు.

ఆ వారమంతా ఆవిడకి నిద్రలేదు. సగం గిన్నె పెట్టేది, వాడు అరిచేవాడు, మిగతా సగం పెట్టేసేది. "నా చేతుల్తో నేనే చంపేస్తున్నానండీ" అని నా దగ్గరకొచ్చి ఏడ్చేది. పెడితే చచ్చిపోతాడని భయం, పెట్టకపోతే ఆకలని భయం. అంతలో కార్తీకమాసం వచ్చింది, వాడొచ్చాక మొదటిది.

కార్తీకంలో మా వైపు చాలా ఇళ్ళల్లో నీసు వండరు. మా ఇంట్లోనూ అంతే, మా అత్తగారి నాటి నుంచీ. అక్కగారిది ఇంకా గట్టి పట్టు. కువైట్‌లో ఆ మొదటింట్లో ఉన్నప్పుడు మొక్కుకుందట. ప్రాణాలతో ఇల్లు చేరితే కార్తీకమాసంలో నీసు గుమ్మం దాటనివ్వనని, సోమవారాలు చుక్క కనబడేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనని. చేరింది. మాట తప్పలేదు.

"ఈ నెల వాడు కూడా నాతోపాటే ఉంటాడండీ. సామే దారి చూపించేడు" అంది, మొహం వెలిగిపోతూ. అంటే చంటిగాడికీ చేపలు బంద్. పెరుగన్నం పెట్టింది. వాడు వాసన చూసి వెళ్ళి పడుకున్నాడు. ఈవిడ సోమవారాలే కాదు, ఆ నెలంతా పళ్ళూ పాలతో గడిపేది. పీట వేసుకుని కూర్చుని ముద్ద తినేవాళ్ళు లేరు. వాడూ తినలేదు. మొదట అరిచాడు. తర్వాత అరవడం కూడా మానేశాడు.

మొలతాడు వదులైంది. ఒక వేలు పట్టింది, తర్వాత రెండు పట్టాయి. దీపాలు పెట్టుకునే వేళ ఆడవాళ్ళందరూ చూసి మెచ్చుకున్నారు. "అక్కగారి ఉపవాసం పిల్లికి పట్టిందండోయ్!" అని నవ్వారు. ఆవిడా నవ్వింది. అన్నేళ్ళలో భయం లేని ఆవిడ మొహం నేను చూసింది ఆ కొద్ది రోజులే.

ఓ ఉదయం వచ్చింది. ఆయ్ అనలేదు, ఏం లేదండీ అనలేదు. గుమ్మంలో నిలబడి, "ఒక్కసారి రండి" అంది. వెళ్ళాను.

చంటిగాడు గుడ్డ మీద పక్కకి పడి ఉన్నాడు. నోటి వెంట చొంగ. ఆవిడ వాడి చెవి మడిచి లోపల చూపించింది. పచ్చగా ఉంది.

"పూజ పసుపు అంటుకుందేమోనండీ" అంది.

చీర కొంగు తడిపి తుడిచింది. పోలేదు. ఇంకొంచెం గట్టిగా తుడిచింది. పోలేదు. నా వంక చూసింది. పసుపు కాదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఆ కొంగుతో అలా తుడుస్తూనే ఉంది. "ఆపండక్కగారూ" అని చెయ్యి పట్టుకుంటే, ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

కామెర్లకి పసరు పోస్తారు, తీసుకెళ్ళమని ఎవరో అన్నారు. ఆవిడ ఊగిసలాడింది. "డాక్టరు దగ్గరికి పదండి, ఇంకో మాట మాట్లాడకండి" అని నేనే కసిరాను. కూరల బుట్టలో పడుకోబెట్టి, పైన తువ్వాలు కట్టి, రేవుకి పరిగెత్తాం.

మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ ఒక్కచోటే ఎక్కించుకుని గోదావరి దాటించే పంటు అది. అక్కగారు దాన్ని ఎక్కి ఎన్నో ఏళ్ళయింది. దాటాల్సిన పని పడితే ఏదో సాకు చెప్పి తప్పించుకునేది. ఆ రోజు ఎక్కి, చెక్కల మీద చతికిలబడి, బుట్ట ఒళ్ళో పెట్టుకుంది.

"ఊపిరుందా చూడండి."

బుట్టలో చెయ్యి పెట్టాను. వెచ్చగా, సన్నగా కదులుతోంది. "ఉందక్కగారూ."

కొంచెం దూరం వెళ్ళాక మళ్ళీ, "ఇంకోసారి చూడండి."

ఈసారి నా వేళ్ళకి ఏమీ తెలియలేదు. నా చెయ్యే వణుకుతోందో, వాడే ఆగిపోయాడో అర్థం కాలేదు. ఇంజను మోత, కింద నీళ్ళు. కళ్ళు మూసుకుని వేళ్ళు అలాగే ఉంచాను. కాసేపటికి తగిలింది. "ఉంది" అన్నాను.

"కువైట్‌కి దీని మీదే వెళ్ళేనండి" అంది ఆవిడ నీళ్ళ వంక చూడకుండా. "అప్పుడూ ఇంత భయమెయ్యలేదండి."

డాక్టరుగారు వాడి పెదవి ఎత్తి చూశారు. చిగుళ్ళూ పచ్చగానే ఉన్నాయి.

"సరిగ్గా తిని ఎన్నాళ్ళైందమ్మా?"

ఆవిడ తల వంచుకుంది. "కార్తీకం కదండీ..."

"కార్తీకం మీకమ్మా. పిల్లిక్కాదు." ఆయన కోప్పడలేదు గానీ, కోప్పడినా బాగుండేది. "పిల్లిని పస్తు పెట్టకూడదు. ఒళ్ళున్న పిల్లిని అసలే పెట్టకూడదు. తిండి ఆగిపోతే ఒంట్లో కొవ్వంతా వెళ్ళి లివరు మీద పడిపోతుంది. పైకి సన్నబడుతున్నాడని మీరు సంతోషిస్తారు, లోపల వాడు పాడైపోతుంటాడు."

మొలతాడు కత్తిరించి పక్కన పెట్టారు. సెలైన్ ఎక్కించి, ఇంజక్షన్లు చేశారు. రోజూ తీసుకురమ్మన్నారు. చేపో కోడో ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి, ముళ్ళు తీసి, మెత్తగా చేసి సిరంజితో కొంచెం కొంచెం పట్టించమన్నారు. "సిరంజితో కొన్నాళ్ళు లాగుతాం. వాడంతట వాడు తింటే మాత్రం గట్టెక్కినట్టే. తినకపోతే నేనేం చెప్పలేనమ్మా."

చేప అన్న మాటకి ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. వచ్చేటప్పుడు పంటు మీద కత్తిరించిన మొలతాడు గుప్పిట్లో నలుపుతూ కూర్చుంది. "సామి నన్ను ఇంటికి తెచ్చేడండి. నేనిచ్చింది ఒక్క మాటేనండి" అంది. నేను, "మీ పొయ్యి అంటుకోవద్దు. పెరట్లో రాళ్ళు పెట్టి ఉడకబెడదాం, ఇంట్లోకి వాసన కూడా రాదు" అన్నాను. ఆవిడ తలూపింది.

మర్నాడు సోమవారం. రేవు దగ్గర చేపలమ్మే ఆవిడ ఈవిణ్ణి చూసి బిత్తరపోయింది.

"ఇయ్యాళ కార్తీక సోమారమండి తల్లీ, మర్చిపోయేరేటి?"

"మర్చిపోలేదమ్మా. ఇయ్యి."

పెరట్లో ఉడకబెట్టింది. ముళ్ళన్నీ వేళ్ళతో వెతికి వెతికి తీసింది. సిరంజితో పెడితే వాడు సగం కక్కేశాడు. అరిటాకు ముక్క మీద చేప పెట్టి మూతి దగ్గర పెడితే తల తిప్పేసుకున్నాడు. మళ్ళీ పెడితే కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, ఇంక వీడు తినడు అనుకున్నాను.

ఆవిడ కాసేపు వాడి వంకే చూసింది. "నేను తినందే తినడండి" అంది నెమ్మదిగా.

నాకు అర్థమయ్యేసరికి ఆవిడ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అక్కగారూ, వద్దండీ. మీ మొక్కు..."

ఆవిడ ఇంట్లో దీపం ఉన్న వైపు తిరిగి దణ్ణం పెట్టింది. జోడించిన చేతులు గడగడా వణుకుతున్నాయి.

"దోషం నాది సామీ. ఆకలి వాడిది."

అని చేపముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. వంగి, మొహం వాడి మొహం దగ్గర పెట్టింది. వాడి ముక్కు కదిలింది. తల ఎత్తలేక ఎత్తలేక ఎత్తి, ఆవిడ పెదవుల దగ్గర వాసన చూశాడు. చూసి, ఆకు మీద నాలిక పెట్టాడు.

ఒక్క ముక్క తిన్నాడు. నేను బావురుమన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఒక్కసారే పెట్టకండి, నెమ్మదిగా పెట్టాలండీ" అని నన్నే హెచ్చరించింది.

ఆ నెల చివరిదాకా రోజూ, వాడు తినేటప్పుడల్లా, ఆవిడ ముందో ముక్క తిన్నది. వీధిలో కొందరు మూతులు తిప్పారు. ఆవిడ దీపం పెట్టడం మానలేదు గానీ, దేవుడి గదిలోకి వెళ్ళకుండా అరుగు మీద పెట్టుకునేది. వాడు కోలుకున్నాక కూడా చాలాకాలం శిక్ష కోసం ఎదురు చూసింది. తుమ్మొచ్చినా, కాలు జారినా అదేననుకునేది. "ఇంకా ఏమీ అవలేదండీ" అని నాతో గుసగుసగా చెప్పేది, గట్టిగా అంటే సామికి గుర్తొస్తుందేమోనన్నట్టు.

తర్వాత డాక్టరుగారు చెప్పిన రెండో మాట విన్నది. ఒళ్ళు నెలల మీద తగ్గాలి, రోజుల మీద కాదన్నారు. నెయ్యీ మీగడా పోయాయి. అన్నం తగ్గింది. పూటపూటా పెట్టేది కొలిచి పెట్టడం, ఏ పూటా మాన్పించకపోవడం. చేపముక్కలు మెట్ల మీదా గోడ పక్కనా దాచేది, వాడు వెతుక్కుంటూ నడవాలని. ఆదివారం ఆదివారం ఆ మొలతాడు వాడి పొట్ట చుట్టూ తిప్పి చూసేది. ఎక్కువ వదులైతే నాలుగు మెతుకులు కలిపేది. గిన్నె ఖాళీ చేసి వాడు ఇంకా కావాలని అరిస్తే మాత్రం తట్టుకోలేక మా ఇంటికి వచ్చేసేది.

"కాసేపు కూర్చుంటానండీ. వాడు అరుస్తున్నాడు."

చెవుల్లో వేళ్ళు పెట్టుకుని మా కుర్చీలో కూర్చునేది. వాడి అరుపు ఆగాక వెళ్ళేది. ఏడాది తిరిగేసరికి వాడు గోడెక్కాడు. ఆ రోజు వీధి వీధంతా పిలిచి చూపించింది, పడిపోతాడేమోనని కింద కొంగు పట్టుకుని మరీ. నిరుడు కార్తీకంలోనూ పెరట్లో రాళ్ళు పెట్టింది. అదే దణ్ణం, అదే మాట, అదే వణుకు. అలవాటైపోతుందనుకున్నాను గానీ ఆవిడకి ఆ భయం ఏమాత్రం తగ్గలేదు. భయపడుతూనే తినేది.

ఈ ఆశ్వయుజం చివర్లో, అరుగు మీద కూర్చున్నావిడ కూర్చున్నట్టే పోయింది. గుండె అన్నారు. అంతర్వేది నుంచి చెల్లెలొచ్చి అన్నీ జరిపించింది. చుట్టాలున్నన్నాళ్ళూ వాడు నేల మీద వేసిన భోజనాల బంతిలో ఎవరి పక్కనో చేరి ఇంత తిన్నాడు. తర్వాత ఇంటికి తాళం పడింది. ఆ చెల్లెలు మొలతాడు నా చేతిలో పెట్టి, "పిల్లి సంగతి మీరే చూడాలండీ" అని వెళ్ళిపోయింది. నాకు పడదని చెప్పే లోపలే వాడు మా గుమ్మంలో ఉన్నాడు.

ఇవాళ కార్తీక సోమవారం. పొద్దున్న ఆ మొలతాడు వాడి చుట్టూ తిప్పి చూశాను. మొన్నటికన్నా వదులుగా ఉంది. చెవి మడిచి చూశాను. తెల్లగానే ఉంది, ఇంకా. డాక్టరుగారికి ఫోన్ చేశాను. వెంటనే తీసుకురమ్మన్నారు, ఈలోగా ఏదైనా తింటాడేమో చూడమన్నారు.

మేము కుర్చీల్లో కూర్చుని బల్ల మీద తింటాం. వాడి గిన్నె కింద పెడతాం. ఈ సంగతి నాకు తట్టడానికి ఇంతసేపు పట్టింది.

చేపలమ్మే ఆవిడ నన్ను చూసి ఏమీ అడగలేదు. అక్కగారు పెట్టిన రాళ్ళు ఆవిడ పెరట్లో అలాగే ఉన్నాయి. వాటి మీదే ఉడకబెట్టి, ఇంటికి తెచ్చి వాడి గిన్నెలో పెట్టాను. మా ఆయన గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డారు, నవ్వలేదు. మోకాళ్ళ నొప్పులతో ఎలాగో నేల మీద చతికిలబడ్డాను. మా అత్తగారి నాటి నుంచీ తప్పని నెల ఇది. చెయ్యి వణికింది. ఇన్నేళ్ళు ఆవిడ వణుకు చూసి నవ్వుకున్నాను గానీ, అదెలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

"దోషం నాది సామీ. ఆకలి వాడిది."

ముక్క నోట్లో పెట్టుకుని నమిలాను. వాడు లేవలేదు. ఇంకోటి పెట్టుకున్నాను. వాడి చెవి ఇటు తిరిగింది. తర్వాత లేచాడు. వచ్చి ముందుకాళ్ళు నా మోకాలి మీద వేశాడు. నొప్పి పెట్టినా కదల్లేదు. చల్లటి మూతి నా పెదవుల దగ్గర ఆగింది. వాసన చూశాడు, చాలాసేపు చూశాడు. నేను ఆవిణ్ణి కాదని తెలిసే ఉంటుంది.

దిగి, గిన్నెలో తల పెట్టాడు.

వాడు తినడం అయ్యాక గిన్నె కడిగి, బోర్లించాను.